కింద ఫ్లోర్ జొరం

నిన్న నా పరువు ఒక స్టీలు గ్లాసులో మునిగిపోయింది. చెప్తాను గానీ, నవ్వకుండా వినాలి మరి.

నాను గోపాలపట్నంలో ఓల్డేజ్ హోమ్‌లో నర్సుని కదా. కింద ఫ్లోర్‌లో ఇన్ఫెక్షన్లు ఎక్కువా, పైన ఎక్కువా తేల్చమన్నాడు మా మేనేజర్. సరే అని రోజూ పొద్దున్నే అందరి నోట్లో థర్మామీటర్ పెట్టాను. ముందు కింద, తర్వాత పైన. చూస్తే కింద సగం మందికి జ్వరం, పైన ఒక్కరికీ లేదు! పైన మనుషులే తక్కువ కదమ్మా అన్నాడాయన. "మనుషుల్ని కాదు సార్, రేటు చూడాలి. వందకి ఎంతమందో లెక్కేసి పోల్చాలి" అని పెద్ద క్లాసు పీకాను. దగ్గు లేదు, జలుబు లేదు, అయినా అంకె చెప్తంది కదా! సోమవారం డాక్టరుగారు వచ్చేదాకా కింద వాళ్లెవరూ గేటు దాటకూడదని ఆర్డర్ వేసేశాను.

ఆ కిందే ఉంటాది అప్పలమ్మగారు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. ఆదివారం సాయంత్రం పూర్ణా మార్కెట్ దగ్గర ఆవిడ మనవరాలి నిశ్చితార్థం. కొత్త చీర ఒళ్లో పెట్టుకుని కూచుంది.

"నాకేటి రోగం సిస్టరమ్మా? ఆకలేత్తంది, నిద్దరడతంది. నా మాట కన్నా నీ పుల్ల మాటే ఎక్కువైపోయిందా?"

గోడవేపు తిరిగి పడుకుంది. పాపం అనిపించింది. కానీ రూల్ రూలే అనుకున్నాను.

నిన్న ఆదివారం పొద్దున్న వంటగదిలో టీ తాగతంటే నాకూ అనుమానం వచ్చింది. వాళ్ల మధ్యే తిరుగుతన్నాను, అంటుకుందేమో! గ్లాసు పక్కన పెట్టి థర్మామీటర్ నోట్లో పెట్టుకున్నాను. నూట ఒకటి! మా ఆయనకి ఫోన్ చేసి పిల్లని మా అత్తయ్య దగ్గర దింపమన్నాను. స్టోర్‌రూమ్‌లో తలుపేసుకుని ఒక్కదాన్నీ కూచున్నాను. కాసేపటికి మళ్లీ చూసుకుంటే జ్వరం లేదు. మాత్ర వేసుకోలేదు, దేవుడికి మొక్కుకోలేదు, ఎలా తగ్గినట్టు? అప్పుడు ఆ గ్లాసు గుర్తొచ్చింది.

మా ఆయా టీ క్యాను మోసుకుని మెట్లెక్కలేక ముందు కిందే పోస్తాది. నాను కూడా ఆవిడ వెనకే కింద మొదలెడతాను. కింద వాళ్లు వేడివేడిగా తాగి నోరు తెరిచేవారు. పైవాళ్లు నా థర్మామీటర్ అయ్యాకే టీ మొహం చూసేవారు. ఇన్నాళ్లూ నాను కొలిచింది టీ వేడి!

టీ వేడి తగ్గేదాకా ఆగి మళ్లీ కింద వాళ్లందరికీ చూశాను. ఒక్కరికీ జ్వరం లేదు. మేనేజర్‌కి చెప్తే ఆయన నవ్వలేదు సరికదా, "ఇప్పుడు రేటెంతమ్మా?" అన్నాడు. తల దించుకుని వచ్చేశాను.

అప్పలమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పి, చీర కుచ్చిళ్లు నానే సర్ది, ఆటోలో నానే తీసుకెళ్లాను. మనవరాలు ఆవిణ్ణి చూసి ఏడ్చేసింది, నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి. అంతలో ఎవరో ట్రేలో టీ తెచ్చారు. చెయ్యి చాపాను. మధ్యలో అప్పలమ్మగారు చెయ్యి అడ్డం పెట్టేసింది.

"ఆ సిస్టరమ్మకి ఇవ్వకండర్రా. టీ తాగితే ఆయమ్మకి జొరమొచ్చేత్తాది."