మేనల్లుడి సీసా

ఇన్నెస్ గెడెస్ ముక్కు గురించి, విస్కీ బట్టీలకు పేరుపడ్డ మా స్పే నది పొడుగునా తెలియనివాడు లేడు. పీపా పక్కనుంచి నడిచిపోతే చాలు, అందులో ఏ ఏడు ఏ విస్కీ నిద్రపోయిందో, ఆ ఏడు వానలెలా కురిశాయో, ఆ పూట బట్టీ కాపలావాడి భార్య ఏం వండిందో కూడా చెప్పేస్తాడని ప్రతీతి. ఈ కథలన్నీ పుట్టించింది ఇన్నెసే. ఇరవై రెండేళ్లుగా పీపాలు కడుతున్నాడు. ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. మొదట్లో తల్లికిచ్చిన మాట కోసం, తర్వాత పరువు కోసం. పబ్బులో అతని గ్లాసులో ఉండేది చల్లారిన టీ అని పోసేవాడికి తప్ప నరమానవుడికి తెలియదు.

నలభై మూడో ఏట రోనా మీద మనసు పడేసరికి ఆ ముక్కే మెడకు చుట్టుకుంది.

రోనా తండ్రి డూగల్ నలభై ఏళ్లు బట్టీలో విస్కీ దించిన మనిషి. కూతుర్ని అడగవచ్చినవాడు సీసా తేవాలి. నచ్చితే బిరడా తీసి పొయ్యిలో పడేస్తాడు, ఇక సీసా ఖాళీ అయ్యేదాకా కూర్చుని తాగాల్సిందే, వచ్చినవాడు ఇంటివాడే. నచ్చకపోతే బిరడా బిగించి సీసా తిరిగి చేతిలో పెడతాడు. కిందటేడు ఎల్గిన్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి చెక్కపెట్టెలో నూట ఇరవై పౌండ్ల సీసా తెచ్చాడు. “పెట్టె బాగుంది,” అని బిరడా బిగించేశాడు పెద్దాయన.

“ముప్పై పౌండ్లు దాటకు,” అంది రోనా. “డాబు చూపిస్తే నాన్నకు ఒళ్లు మంట. మరీ నాసిరకమైతే ఇంకా మంట. అయినా ఆ ముక్కున్నవాడికి నేను చెప్పాలా?”

శనివారం పొద్దున్నే ఊళ్లో విస్కీ అమ్మే ఎల్స్‌పెత్ కొట్లో నిలబడ్డాడు. నేలనుంచి కప్పుదాకా సీసాలు. ఇన్నెస్‌కు అన్నీ ఒకటే రంగు. ఎవరినైనా అడుగుదామంటే, ఊళ్లో అందరూ అడిగేది అతన్నే.

“ఇవాళ దేని మీద పడింది నీ కన్ను?” అంది ఎల్స్‌పెత్.

“నువ్వేది తీస్తే నాకూ అదే,” అన్నాడు వెనక నిలబడ్డ పోస్టుమాన్ వాలీ.

ఇన్నెస్ వీపు మీద చెమట కాలువ కట్టింది. “నాక్కాదక్కా. లీడ్స్ నుంచి మా మేనల్లుడొచ్చాడు. పాతికేళ్లొచ్చినా విస్కీ ముట్టలేదట, సన్నాసి.”

“అయ్యో పాపం! పొగ వాసన కొట్టేది ఇవ్వకు, మొదటి గుక్కకే పారిపోతాడు. సీసా మీద ఎన్నేళ్ల పాతదని రాసుందో చూసి డబ్బు తగలెయ్యకు. ఇదిగో, తేనెలా దిగుతుంది, ఇరవై ఎనిమిది పౌండ్లు. నాలుగు చుక్కలు నీళ్లు కలుపుకోమను. ఐసూ గీసూ వేశాడంటే నాకు చెప్పు, నేనొస్తా.”

ఇవన్నీ నాకెప్పుడో తెలుసన్నట్టు తలూపుతూ, ఇన్నెస్ ఒక్క అక్షరం పోకుండా మనసులో రాసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నది గట్టున డూగల్ ఇంట్లో కుర్చీ చూపించారు. కూర్చోగానే గొర్రెంత కుక్క వచ్చి అతని రెండు పాదాల మీదా పడుకుంది. పెద్దాయన సీసాను వెలుతురుకు పట్టి చూశాడు.

“ఎల్స్‌పెత్ ఫోన్ చేసింది. మేనల్లుడెలా ఉన్నాడు?”

“బా... బాగానే ఉన్నాడు.”

“ఏడీ?”

“పడుకున్నాడు.”

“వాడు పడుకుంటే వాడి సీసా నాకు తెచ్చావన్నమాట. నలభై ఏళ్లు విస్కీ దించినవాడికి, అక్షరాభ్యాసం కానివాడి సీసా!”

కర్రుమని తిప్పాడు. బిరడా కాదు, రేకు మూత! ఎల్స్‌పెత్ అన్నీ చెప్పింది గానీ ఈ ముక్క చెప్పలేదు. పొయ్యిలో వేస్తే కాలేది కాదు, బిగిస్తే మాత్రం భేషుగ్గా బిగుస్తుంది. ఇన్నెస్ కాళ్లు లాక్కుందామనుకున్నాడు. కుక్క కదల్లేదు. పెద్దాయన మూతను మళ్లీ సీసా మీద పెట్టాడు. ఒక మెలిక. రెండో మెలిక.

“మేనల్లుడు లేడు పెద్దాయనా!” అని అరిచాడు ఇన్నెస్. “అసలు నాకు తోడబుట్టినవాళ్లే లేరు. ముట్టనివాణ్ని నేనే. ఇన్నేళ్లూ టీ తాగాను.”

వంటింట్లో పళ్లెం జారిపడ్డ చప్పుడు. “ఇరవై రెండేళ్లూ టీయేనా, దొంగ సచ్చినోడా!” అంది రోనా గొంతు.

“మరి ముక్కు?” అడిగాడు డూగల్.

“పీపా చెక్క వాసన నిజంగానే తెలుసు. లోపలున్నదే తెలియదు.”

పెద్దాయన మూత విప్పి రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకదాన్లో నాలుగు చుక్కలు నీళ్లు లెక్కపెట్టి వేసి ముందుకు తోశాడు. “తాగు, మేనల్లుడా.”

ఇన్నెస్ మింగాడు. గొంతులోంచి బొటనవేలిదాకా నిప్పుల బండి దూసుకుపోయింది. కళ్లనీళ్లు కారాయి.

“ఎలా ఉంది?”

తేనె, ఎండిన గడ్డి, సముద్రపు గాలి అంటూ పాత కోతలన్నీ నాలుక చివరికొచ్చాయి. “మండింది,” అన్నాడు.

డూగల్ లేచి కిటికీ తెరిచి, రేకు మూతను నదిలోకి విసిరేశాడు. “రోనా, ఇంకో గ్లాసు పట్రా. నీళ్ల కూజా కూడా.”

ఇన్నెస్ సీసా వంక చూశాడు. ఇంకా మెడ దగ్గరదాకా ఉంది. కాళ్ల మీద కుక్క గురక మొదలుపెట్టింది.