డచెస్ గదిలో హాకీ ఫైనల్

కెనడాలోని విన్నిపెగ్‌లో లోర్న్ ‘గోల్’ అని అరిస్తే నది అవతలి ఇళ్ల కప్పుల మీద మంచు జారిపడేది. అలాంటివాడి ఇంటికి డచెస్ అనే చించిల్లా వచ్చింది, పట్టుకుచ్చు లాంటి ఎలుకజాతి జీవి. వేడికి ఆగదని భార్య వెర్నా దాని పంజరాన్ని చల్లటి బేస్‌మెంట్‌లో, లోర్న్ టీవీ పక్కన పెట్టించింది. ఎండుద్రాక్ష మాన్పించి ఎండుగడ్డి అలవాటు చేసింది, నీళ్లు పడవు కనుక పొర్లి స్నానం చేయడానికి మెత్తటి దుమ్ము అమర్చింది. డచెస్ నిగనిగలాడింది. కానీ లోర్న్ ఒక్క కేక వేసేసరికి బెదిరి గుప్పెడు బొచ్చు రాల్చుకుంది.

“ఇంకోసారి అరుపు వినబడితే నీ టీవీ దోమల గరాజ్‌కే,” అంది వెర్నా.

ఫైనల్ చూడటానికి వచ్చిన స్నేహితుడు స్టాన్, శబ్దం తీసేసిన టీవీని వింతగా చూశాడు. “ఏరా, ఇది హాకీయా, సంతాపసభా?”

“నెమ్మదిగా ఏడవరా. దొరసానిగారు స్నానం చేస్తున్నారు.”

చివరి నిమిషంలో వాళ్ల జట్టు గోల్ కొట్టింది. ఇద్దరూ నోట్లో టోపీలు కుక్కుకుని, చేతులెత్తి, కందగడ్డల్లా ఎర్రబడి గంతులేశారు. ఆ గంతులకు హడలిపోయి డచెస్ గట్టిగా కుక్కలా మొరిగింది.

“విన్నాను లోర్న్! టీవీ గరాజ్‌కి!” అని పైనుంచి వెర్నా కేకేసింది.

అరిచింది నేను కాదని అరవబోయిన లోర్న్, డచెస్ వంక చూసి నోరు మూసుకున్నాడు.