ఉగ్గాని హోటల్లో నోరు విప్పిన రోజు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో తెనాలి నుంచి వెళ్లి ఆదోని పత్తిమిల్లులో గుమాస్తాగా చేరాను. నా యాసకు మిల్లులో అందరూ నవ్వుతుంటే బయట నోరు విప్పడమే మానేశాను. పొద్దున్నే మల్లప్ప హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని బొరుగుల ఉప్మాలాంటి ఉగ్గాని వైపు వేలు చూపేవాణ్ణి. మల్లప్ప పళ్లెం పెట్టి, నా భుజం తట్టి, ఇంకా కావాలా అన్నట్టు సైగ చేసేవాడు. ఆ ఊళ్లో నన్ను తాకే చెయ్యి అదొక్కటే.

వారపత్రిక వచ్చిన రోజు మల్లప్ప అందులోని పజిల్ పైకి చదివేవాడు. జవాబులు నాలో నేనే చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు, "తల తెగిన తామర నూలు వడుకుతుంది. రెండక్షరాలంట. ఎవురికన్నా తెలుసునా?" అన్నాడు. ఎవరికీ తట్టలేదు.

ఉండబట్టలేక, "మర! తామరలో మొదటి అక్షరం కొట్టెయ్యండి!" అని అరిచాను.

మల్లప్ప పత్రిక దించి నన్నే చూశాడు.

"ఓరప్పా, నీకు మాటలొస్తాయా? ఇన్ని దినాలూ మూగోడనుకొంటిమి కదప్పా!"

అందరూ పగలబడి నవ్వారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మర్నాడు మల్లప్ప పొయ్యి దగ్గర్నుంచే కేకేశాడు: "ఏం గావాలప్పా?"

"ఉగ్గాని" అన్నాను.

ఆ తర్వాత ఆదోనిలో ఉన్నన్నాళ్లూ అందరూ నాతో మాట్లాడారు. భుజం మాత్రం మళ్లీ ఎవరూ తట్టలేదు.