వినోద తరఫున చెప్పిన జవాబు

నేను తిరిగిన ఊళ్లలో మనవాళ్లు గుంపుగా బతికే ప్రతిచోటా, అందరి తరఫునా మాట్లాడే మనిషి ఒకరుంటారు. పూర్వం రేవు పట్నాల్లో దుబాసీలు ఆ మాటలతోనే మేడలు కట్టారని చదివాను. సూరత్ నవాగామ్‌లో భూదేవమ్మ మేడేమీ కట్టలేదు. మగ్గాల పనికని జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మొగుడి వెంట వయసులో ఉండగా వచ్చి, గుజరాతీ పట్టేసింది. అప్పట్నుంచీ గల్లీలో ఏ ఆడమనిషికి ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రికి ఆమే తోడు. డాక్టరు అడిగేది ఆమెను, జవాబు చెప్పేది ఆమె. రోగి పక్కన కూర్చుంటుంది, అంతే. పెద్దామె మాట్లాడుతుంటే మధ్యలో నోరు పెట్టకపోవడం వాళ్ల మర్యాద.

ఆ గల్లీలోనే ఉండే వినోదకు ఒక్కతే కూతురు. ఇంకో బిడ్డ కావాలని మహా ఆశ. నెలనెలా రక్తం విపరీతంగా పోతుంటే, వరస కలిపి అత్తా అని పిలుచుకునే భూదేవమ్మే తీసుకుపోయింది. "కడుపుల గడ్డ ఉన్నదట పిల్లా, తీసేస్తరు" అంది. ఆమె వేలు పెట్టి చూపిన చోట వినోద సంతకం చేసింది.

ఆపరేషన్ తర్వాత నెల తప్పింది. మరుసటి నెల కూడా. మొగుడు మల్లేష్‌కైనా చెప్పకుండా, నవ్వాపుకుంటూ ముందు భూదేవమ్మ దగ్గరికే పరుగెత్తింది.

"అత్తా, నీళ్లు పోసుకున్ననేమో!"

బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది.

"ఎక్కడి కడుపు పిల్లా? గడ్డతోని గర్భసంచి గూడ తీసిండ్రు."

"ఎవర్నడిగి?"

"డాక్టరు నన్నడిగిండు. ఉత్త గడ్డ తీస్తే మల్ల రావచ్చు, సంచే తీస్తే గొడవుండదు, ఏం చేద్దామన్నడు. తీసెయ్యమన్న. నీ మంచికే."

"నాకెందుకు చెప్పలే?"

"భయపడ్తవని. నీకు గుజరాతీ గూడ రాకపాయె."

"నీకు తెలుగొస్తది గద అత్తా!"

ఇదంతా నాకు చెప్పింది భూదేవమ్మే. "గంత మాటంటదా? దాని పానం కోసమే గద?" అని ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

మొన్న కూతురికి జ్వరం. మల్లేష్ మగ్గం వదిలి రాలేడు. వేరే దిక్కులేక వినోద మళ్లీ ఆ గడపే తొక్కింది. ఆసుపత్రిలో డాక్టరు ఏదో అడగ్గానే, అలవాటుగా భూదేవమ్మ నోరు తెరిచింది. వినోద ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమంటుండు?"

"ఏం లేదు పిల్లా, ఉత్త..."

"ఉత్తదైనా సరే. ముందుగాల నాకు చెప్పు."

భూదేవమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వినోద చెయ్యి వదల్లేదు. ఆ పొద్దంతా ఒక్కసారి కూడా అత్తా అని పిలవలేదు.