ఒవిలా చేతులకు వెచ్చని గ్రిప్పులు

“బ్రేకు నొక్కాననే అనుకుంటాడు. నొక్కడు. ఆ నిమిషంలో రోడ్డు మీద నేను పాపని తోసుకుంటూ పోతుంటే?”

కంచె ఇవతలి నుంచి ఆ మాట అనేశాక కరీన్ నాలుక కరుచుకుంది. అవతల చెత్తడబ్బా ఈడుస్తున్న జిస్లేన్ ఆగిపోయింది. జిస్లేన్ స్కూలు బస్సు నడుపుతుంది. బ్రేకుల గురించి ఎవరేం చెప్పినా చెవి ఒగ్గి వింటుంది. పైగా ఇప్పుడు ఆ మాట పడింది ఆమె తండ్రి ఒవిలా బ్రిజ్‌బువా మీద.

“ఏం చూశావు?” అంది.

కరీన్ చెప్పింది. పోయిన అక్టోబరులో ఒవిలా తన మోటారుసైకిల్ దిగి, హెల్మెట్ పట్టీ విప్పుకోలేక వాకిట్లో అలాగే నిలబడిపోయాడు. పక్కింటి నుంచి తనే వెళ్లి విప్పింది. విప్పుతూ చూస్తే ఆయన కుడిచేతికి తొడుగు లేదు. పెట్రోలు బంకులో రెండూ తీసి, ఒకటే తొడుక్కుని, నలభై కిలోమీటర్లు అలాగే వచ్చాడు. “తొడుగేదండీ?” అని అడిగితే రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. చూసుకున్నాకే తెలిసింది ఆయనకు. వేళ్లు రెండో కణుపు దాకా కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి.

కెనడాలోని సడ్‌బరీలో ఆ తెలుపు ఎవరికీ కొత్త కాదు. ఒవిలాలా నికెల్ గనిలో ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు పట్టిన చేతులు చలిగాలి తగిలితే అలాగే అవుతాయి. కరీన్ ఆ గని రాతిపొడిని పరీక్షించే ల్యాబులో కెమిస్టు. పాప అదెల్ పుట్టాక సెలవులో ఉంది. సెలవులో ఉన్న కెమిస్టు చదవకూడనివన్నీ చదువుతుంది. డ్రిల్లు అదురుకు ముందు సన్నటి రక్తనాళాలు పోతాయని, తర్వాత నరాలు పోతాయని, పోయిన నరం తిరిగి రాదని చదివింది. ఆమె భర్త రెమి అదే గనిలో అదే డ్రిల్లు పడతాడు. ఆ సంగతి పక్కన పెట్టి చదివింది.

“మే మొదటి ఆదివారం పొద్దున్నే వస్తా,” అంది జిస్లేన్. “నా ఎదురుగా కళ్లు మూసుకుని చొక్కా గుండీలు ఆరూ పెట్టుకోవాలి. పెట్టుకున్నాడా, బండి తాళం ఆయనది. లేదా, బండి అమ్మేస్తా. నువ్వూ రా. లేకపోతే జాలిపడి నేనే గెలిపించేస్తా.”

మూడు రోజుల తర్వాత కరీన్ తలుపు మీద మెత్తటి చప్పుడు. ఒవిలా మోచేత్తో కొడుతున్నాడు.

“అమ్మాయ్, బండికి గ్రిప్పులు మార్చాలి. నీ వేళ్లు ఒక పూట అద్దెకిస్తావా?”

“పాతవి బానే ఉన్నాయిగా, మిస్యే ఒవిలా,” అంది కరీన్, ఆ ఊరి ఫ్రెంచి మర్యాదతో.

“సుఖంగా లేవు. డెబ్బయ్యొకటో ఏట సుఖం అడక్కూడదా?”

కరీన్ పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. “ఆదివారం సంగతి జిస్లేన్ చెప్పిందా?”

“చెప్పింది. ఎవరో దాని చెవిలో వేశారట.” ఆయన వంగి అదెల్ ముక్కు చూశాడు, ముట్టుకోలేదు. “వేసినవాళ్లు మంచివాళ్లే అయ్యుంటార్లే.”

ఇక కాదనలేక కరీన్ ఆయన వెంట బయల్దేరింది.

విడిభాగాల దుకాణంలో కౌంటరు వెనక గై అనే లావుపాటి మనిషి ఒవిలాను చూడగానే నవ్వు మొదలెట్టాడు. “ముందటేడు జెల్లువి కొన్నావు. పోయినేడు స్పాంజివి. ఈసారి దిండు కుట్టించమంటావా?”

“కుట్టించు. మిగిలిన ముక్క నీ నోట్లో కుక్కుకో.”

గై నాలుగు జతలు కౌంటరు మీద పరిచాడు. గ్రిప్పు ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పిడికిలి మూస్తే వేలి కొసలు అరచేతిని తాకీ తాకనట్టుండాలి. మరీ సన్నమైతే ఇంజను అదురంతా ఎముకల్లోకి ఎక్కుతుంది. మరీ లావైతే జారిపోతుందేమోనని చెయ్యి అదేపనిగా పిసుకుతుంది, ముంజేయి పట్టేస్తుంది. స్పాంజివి ఒవిలాను ముంచింది అక్కడే. మెత్తగా ఉంటే సుఖమనుకున్నాడు. పట్టుకున్నట్టు తెలియని చేతికి మెత్తదనం ఎందుకు? అది ఇంకా గట్టిగా పిసికింది.

ఆయన ఒక్కొక్కటే తీసి పట్టుకోవడం కరీన్ గమనించింది. గీతలున్నదీ నున్నటిదీ రెండూ పట్టి చూశాడు, కానీ కళ్లు వాటి మీదే ఉన్నాయి. కొత్త గ్రిప్పు కొనేవాడెవడైనా కిటికీలోంచి బయటికి చూస్తూ పిసుకుతాడు, బాగుందో లేదో చెయ్యే చెబుతుంది. ఈయన రంగు చూసి కొంటున్నాడు.

“ఇవి,” అన్నాడు చివరికి. లోపల తీగెలున్న జత అది. బ్యాటరీకి కలిపితే వేడెక్కుతాయి. వేడికి ఐదు మెట్లు.

“ఇదొక్కటే తెలివైన పని చేశావు,” అన్నాడు గై.

కరీన్‌కు కూడా అలాగే అనిపించింది. వెచ్చదనానికి రక్తనాళాలు తెరుచుకుంటాయి, వేళ్లలోకి రక్తం వస్తుంది. చదువుకున్న లెక్క ప్రకారం అందులో తప్పులేదు.

శనివారం మధ్యాహ్నం షెడ్డులో పని మొదలైంది. అదెల్ పాత టైరులో కూర్చుని రబ్బరు ముక్క నములుతోంది. ఒవిలా చెప్పడం, కరీన్ చెయ్యడం. బ్లేడుతో పాత స్పాంజిని చీల్చి ఒలిచింది. కింద గడ్డకట్టిన జిగురును స్పిరిటు గుడ్డతో తుడిచింది. ఎడమ గ్రిప్పుకు జిగురు పూసి, తిప్పుతూ లోపలికి తోసింది.

“ఆగకు, ఆగకు. మధ్యలో ఆగావంటే జిగురు పట్టేసి వచ్చే ఏడు దాకా అక్కడే ఉంటుంది. హాఁ, తీగ కిందికి రావాలి. ఇప్పుడు హ్యాండిల్ ఆ చివరికి తిప్పు. ఈ చివరికి. తీగ లాగుతోందా?”

“లేదండీ.”

“మంచిది. ఇక కుడిది. యాక్సిలరేటర్ వైపు మటుకు మొత్తం లోపలికి తొయ్యకు. పది సెంట్ల నాణెం పట్టేంత సందు వదులు. ఒరుసుకుందంటే వదిలినా వెనక్కి రాదు.”

ఆమె నాణెం పెట్టి చూసి, తిప్పి వదిలింది. టక్కుమని వెనక్కి వచ్చింది.

“అదీ చప్పుడు. నేను చెవితోనే చూస్తానమ్మాయ్. చేతితో చూసి ఎన్నేళ్లయిందో.”

“మరి బండి నడపడం ఎందుకండీ?” తనకు తెలియకుండానే కరీన్ అడిగేసింది.

ఆయన హ్యాండిల్ మీద మోచెయ్యి ఆనించాడు. “కాఫీ కప్పు పట్టుకుంటాను, తెలీదు. నా కూతురు చెయ్యి పట్టుకుంటాను, తెలీదు. ఇంజను మటుకు మోచేతుల దాకా వస్తుంది. అక్కడ తెలుస్తుంది. వేసవిలో ఆదివారాలు సరస్సు ఒడ్డున ఉన్న కిలార్నీ దాకా పోయి, చేపలు తిని వస్తాను. ఆ రెండు గంటలూ నాకు చేతులున్నాయి.”

కరీన్ స్క్రూ బిగించింది.

“గనిలో ఏడాదికోసారి నర్సు వచ్చేది, చేతులు చూడ్డానికి,” అన్నాడు ఆయన టైరులోని పాపను చూస్తూ. “తెల్లగా ఉంటే డ్రిల్లు మీంచి దింపేస్తారు. పైన చీపురు పట్టాల్సిందే. అందుకని మేమంతా వరసలో నిలబడి కాఫీ ఫ్లాస్కు మూత తీసి, చేతులు రెండూ ఆవిరి వచ్చే దాని మూతి చుట్టూ వేసుకుని ఉండేవాళ్లం. మన వంతు వచ్చేసరికి పెళ్లికూతురి బుగ్గల్లా ఎర్రగా ఉండేవి. ‘భేషుగ్గా ఉన్నాయి’ అని రాసుకునేది పాపం. పన్నెండేళ్లు మోసం చేశాం దాన్ని.” నవ్వాడు. “గొప్ప తెలివనుకున్నాం.”

కరీన్ కూడా నవ్వింది. ఆ కథ ఆ పూట ఎందుకు గుర్తొచ్చిందో అప్పుడు ఆమెకు తట్టలేదు.

ఆదివారం పొద్దున చలి నాలుగు డిగ్రీలుంది. కరీన్ పాపను ఎత్తుకుని వెళ్లేసరికి షెడ్డు తలుపు తెరిచే ఉంది, బండి నడుస్తోంది. వంటింట్లో జిస్లేన్ ఒక్కతే కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. “అరగంటయింది దాని మీద కూర్చుని. పోనీలే, వీడ్కోలు చెప్పుకుంటున్నాడేమో అనుకున్నా.”

ఇంజను ఆగింది. ఒవిలా లోపలికి వచ్చాడు. గుండీలు లేకుండా తెల్లచొక్కా వేసుకున్నాడు, చేతులు ఎర్రగా ఉన్నాయి. గడప మీదే కళ్లు మూసుకున్నాడు. “కానియ్యి.”

మొదటి గుండీ దొరికింది. రెండోది దొరికింది. మూడోదాని దగ్గర వేళ్లు తడబడి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చాయి. అదెల్ కూడా ఊపిరి బిగబట్టి చూసింది. ఐదోది రెండుసార్లు జారింది. ఆరోది పెట్టి ఆయన కళ్లు తెరిచాడు.

“ఆరు,” అంది జిస్లేన్. ఓడిపోయిన మనిషి ముఖంలో అంత వెలుగు కరీన్ ఎప్పుడూ చూడలేదు. “ఆరయ్యాయి నాన్నా. ముసలి గాడిదవి నువ్వు. తీసుకో.” తాళం బల్ల మీద జరిపింది.

ఒవిలా తాళం అందుకుని పిడికిలి మూశాడు. అప్పుడు కరీన్‌కు చొక్కా మీద తడి కనిపించింది. గుండీ గుండీ దగ్గరా వేలెడంత తడి మరక. మూసిన పిడికిలిలోంచి పల్చటి నీరు మణికట్టు మీదికి కారుతోంది. ఆయన దాన్ని చూడటం లేదు. కూతురి వైపు చూసి నవ్వుతున్నాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వచ్చే ఆదివారం ఆయన కిలార్నీ వెళ్తాడు. ఒకే ఒక్క క్షణం ఆమె అలా అనుకుంది. చంకలో పాప కదిలింది.

“మిస్యే ఒవిలా, మీ చెయ్యి.”

ఆయన రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. చూసుకున్నాకే తెలిసింది ఆయనకు. రెండు అరచేతులూ అడ్డంగా, సరిగ్గా గ్రిప్పు లావున, బొబ్బలెక్కి చితికి ఉన్నాయి. గుండీల కోసం వేళ్లు మేలుకోవాలని వేడి ఐదో మెట్టు మీద అరగంట పట్టుకున్నాడు. ఫ్లాస్కుకైతే ఒక నిమిషం చాలేది.

“నొప్పి లేదే,” అన్నాడు మెల్లగా. అది ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు. ఆయన భయపడ్డాడు.

జిస్లేన్ లేచి కుళాయి తిప్పింది. చల్లటి నీళ్ల కింద చేతులు పెట్టడానికి ముందు ఒవిలా తాళాన్ని తనే బల్ల మీద పెట్టాడు. చలి తెలియని చేతికి వేడి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ మాట ఏ పుస్తకంలోనూ వెతకనక్కర్లేదు. అయినా కరీన్ ఆ గ్రిప్పులు తన చేతులతోనే బిగించింది.

కాలిన పుండ్లు మానడానికి నెల పట్టింది. నరాల డాక్టరు సూదితో గుచ్చి చూసి, రాయాల్సింది రాసుకుని, మళ్లీ రమ్మనలేదు. జూన్‌లో దగ్గరి ఊరు ఎస్పన్యోలా నుంచి ఒక కుర్ర జంట వచ్చి బండి కొనుక్కుంది. కుర్రవాడు హ్యాండిల్ పట్టుకుని, బయటికి చూస్తూ పిసికి, “అబ్బ, గ్రిప్పులు భలే ఉన్నాయి, చేతికి ఎంత సుఖంగా ఉన్నాయో,” అన్నాడు. “అవును, కొత్తవి,” అన్నాడు ఒవిలా. బండి మలుపు తిరిగేదాకా ఆయన చూడలేదు. ముందే లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన ఖాళీ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు కరీన్ గిన్నెడు బఠాణీ సూపు తెచ్చింది. రెమి అప్పుడే పనికి బయల్దేరుతూ వీధిలోంచి చెయ్యి ఊపాడు. ఆ చేతిలో కాఫీ ఫ్లాస్కు ఉంది.

ఇద్దరూ ఆ ఫ్లాస్కును చూశారు.

“వాడి చేతులెలా ఉన్నాయి?” అన్నాడు ఒవిలా.

“బానే ఉన్నాయంటాడు. అడుగుతూనే ఉంటాను.”

“అడక్కు అమ్మాయ్.” అని ఆయన ఏం చెయ్యాలో చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి కరీన్ ఇంట్లో కాఫీ ఆలస్యంగా కాగుతోంది. రెమి వాకిట్లోని హీటరు లేని చలిగదిలోంచి రాగానే, చేతికి వెచ్చటిదేదీ అందకముందే, పాపను అతని ఒళ్లో పడేసి దాని చొక్కా గుండీలు పెట్టమంటుంది. పొయ్యి వైపు తిరిగి నిలబడి లెక్కపెడుతుంది. జూలైలో ఒక్కొక్క గుండీకి రెండు అంకెలు పట్టేవి. ఇప్పుడు సెప్టెంబరు వచ్చింది, కిటికీ అద్దాల మీద పొద్దున్నే ఆవిరి పడుతోంది. మొన్న గురువారం మూడో గుండీకి తొమ్మిది పట్టింది. రెమి నవ్వాడు, గుండీ చిన్నదిగా ఉందన్నాడు.

“మనిషిని అడిగితే లేదంటాడు,” అన్నాడు సూపు తెచ్చిన ఆ రోజు ఒవిలా. “పొద్దున్నే, కాఫీకి ముందు, చెయ్యి చల్లగా ఉన్నప్పుడు, పాప గుండీలు పెట్టమను. నువ్వు అటు తిరిగి లెక్కపెట్టు. గుండీ చిన్నదని అంటాడు చూడు, ఆ మాట మటుకు నమ్మకు. నేనూ అదే అన్నాను.”