ఆశ్లేషలో పుట్టకూడని కొండచిలువలు

2022 జులైలో షార్జాలోని ఒక ప్రైవేటు పశువైద్యశాల నన్ను కొండలకు అవతల తీరాన ఉన్న కల్బా ఊరికి పంపింది. అప్పటికి నేను అక్కడ సీనియర్ డాక్టర్‌ని. పాములు, తాబేళ్లు, ఉడుముల కేసులన్నీ నా వంతు.

కల్బాలో ఒక స్థానిక పెద్దమనిషి తన విల్లాలో ఒక గదిని, ప్రభుత్వ అనుమతితోనే, బాల్ పైథాన్‌ల పెంపకానికి కేటాయించాడు. భయపడితే బంతిలా చుట్టుకుపోయే చిన్న రకం కొండచిలువలివి. పొదిగే పెట్టెలో తొమ్మిది గుడ్లున్నాయి. ముప్పై ఒకటిన్నర డిగ్రీల వేడిలో దాదాపు రెండు నెలలకు పిల్లలవుతాయి. సమయం వచ్చాక పిల్ల తన మూతి మీది చిన్న పంటితో పెంకును చీల్చుకుని, తల బయట పెట్టి, ఓ రోజంతా అలాగే కూర్చుంటుంది. లోపల మిగిలిన సొన ఒంట్లోకి ఇంకాకే బయటికి వస్తుంది. దానికి తొందర లేదు. తొందరంతా మనుషులది.

గది బాధ్యత విల్లా మేనేజర్ మూర్తి గారిది. రాజమండ్రి మనిషి, బీకాం చదివారు. మంగళవారం నేను గుడ్లను టార్చి వెలుగులో పరీక్షించి, శుక్ర, శనివారాల్లో పిల్లలు బయటికొస్తాయని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"శుక్రవారం ఆశ్లేషండి," అన్నారు.

"అయితే ఏమిటండీ?"

"దోషం కదండీ. గురువారం పుష్యమి, గురు పుష్య యోగం. పొద్దున్న తొమ్మిదిన్నరకి కోసి తీసేద్దామండి. మా చెల్లెలి సిజేరియన్ కూడా అలాగే పెట్టించాం."

కిందటేడు పుట్టిన పిల్లలన్నీ చచ్చిపోయాయట. ఈసారీ పోతే ఖలాస్, టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తానని కఫీల్, అంటే ఆయనకు వీసా ఇచ్చిన ఆ విల్లా యజమాని, చెప్పాడట. ఉద్యోగం పోయేలా ఉందని ఆయన అంత స్పష్టంగా చెబుతుంటే నేను సగమే విన్నాను. అప్పటికే నాలో ఉపన్యాసం మొదలైంది.

ఆశ్లేషకు అధిదేవతలు సర్పాలేనని ఆయన పంచాంగమే చెబుతుంది. సొంత నక్షత్రంలో పుట్టే అర్హత పాములకే లేకపోతే మరెవరికుందని అడిగాను. ఆశ్లేష దోషం అత్తగారికి తగులుతుందంటారు కదా, పుట్టబోయే ఈ కొండచిలువలకు అత్తగారు ఎక్కడుందో చూపిస్తే శాంతి పూజ నేనే చేయిస్తానన్నాను. జాతకం కల్బా సమయానికి వేయించారా, పాముల పూర్వీకులున్న ఆఫ్రికా సమయానికా అని కూడా విచారించాను. కాలేజీ రోజుల నుంచీ చర్చా వేదికల మీద ఆరితేరినవాణ్ణి. గంటసేపు మాట్లాడాను. చివరికి మూర్తి గారు, "మీరు చెప్పేది కరెక్టే డాక్టరు గారూ," అన్నారు. మనవాళ్లలో ఈ మాటకు ఒప్పుకున్నానని అర్థం కాదు, ఇక ఆపమని అర్థం. నేను మాత్రం దాన్ని విజయంగా జమకట్టుకుని షార్జా చేరాను.

గురువారం పదింటికి ఫోను మోగింది.

"డాక్టరు గారూ, రక్తం ఆగట్లేదండీ. మూడో గుడ్డు. మొదటి రెండూ కదలట్లేదు."

పెంకు లోపలి పొరనిండా రక్తనాళాలుంటాయి. పిల్ల బయటికొచ్చే వేళకే అవి ఎండిపోతాయి. ముందే కోస్తే తెగుతాయి. పిల్లను లాగితే సొన తిత్తి చిరుగుతుంది. ఇక దేన్నీ ముట్టుకోవద్దని, మూడో పిల్లను గుడ్డులోనే వదిలి పెట్టె మూసెయ్యమని చెప్పి, కొండల మీదుగా కారు తోలాను.

నేను వెళ్లేసరికి లాగిన రెండూ చచ్చిపోయాయి. బల్ల మీద గోళ్ల కత్తెర ఉంది. దానికి పసుపు, కుంకుమ పెట్టారు. స్పిరిట్‌తో మాత్రం తుడవలేదు.

మూడోది బతికింది. దానితో కలిపి ఆశ్లేషలో నాలుగు, మర్నాడు మఖలో మూడు, వాటంతట అవే వచ్చాయి. పది రోజులకు తొలి కుబుసం విడిచి, ఎలుక పిల్లల్ని మింగడం మొదలుపెట్టాయి. దోషం వాటి ఆకలి మీద పనిచేసినట్టు లేదు.

అనుమతి మీద పెంచే జంతువు చస్తే వైద్యుడు మరణ నివేదిక రాయాలి. మూర్తి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "గుడ్లకి బూజు పట్టిందని రాయండి సార్. మీకు పోయేదేముంది? నాకైతే అంతా పోతుంది." అబద్ధం రాయనన్నాను. నిజం చెప్పాలంటే, మూఢనమ్మకానికి వ్యతిరేకంగా రెండు శవాల సాక్ష్యం దొరికినందుకు నా కలానికి కొంచెం ఉత్సాహంగానే ఉంది. కారణం: గడువుకు ముందే గుడ్డు కోయడం. అక్కడిదాకా చకచకా రాశాను.

తర్వాతి గడి: సంరక్షకుడికి వైద్యుడు ఇచ్చిన సూచనలు.

అక్కడ ఆగిపోయాను. అత్తగారి ప్రస్తావన అందులో పట్టదు. ఆఫ్రికా సమయమూ పట్టదు. పిల్ల తానుగా పెంకు చీల్చేదాకా గుడ్డును ముట్టుకోవద్దు, ముట్టుకుంటే నాళం తెగి చస్తుంది. ఆ గంట ఉపన్యాసంలో ఈ ఒక్క వాక్యం లేదు. కిందటేడు పిల్లలు ఎందుకు పోయాయనీ అడగలేదు. 'సూచనలు ఇవ్వలేదు' అని రాసి సంతకం పెట్టాను.

మూడు రోజుల తర్వాత కఫీల్ ఆ కాగితం మా ఇద్దరి ముందే చదివాడు. మూర్తి గారు తల వంచుకుని నిలబడ్డారు. కఫీల్ నా వైపు తిరిగి హిందీలో అన్నాడు: "ఇస్ కో మాలూమ్ నహీ థా. ఆప్ కో మాలూమ్ థా." ఇతనికి తెలియదు, మీకు తెలుసు కదా అని. టికెట్ ఊసు రాలేదు. మూర్తి గారు ఉద్యోగంలోనే ఉన్నారు. మెమో నాకొచ్చింది, మా వైద్యశాల నుంచి.

పదవీ విరమణ దాకా ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ముందు సూచన చెప్పాను, అవతలివాళ్లతో తిరిగి చెప్పించాను, టైము మిగిలితేనే చర్చకు దిగాను. హేతువాదం మీద నా అభిప్రాయం మారలేదు. ఆశ్లేష గురించి ఆ రోజు నేనన్న ప్రతి మాటా ఇప్పటికీ నిజమే. ఆ నిజాల్లో ఒక్కటి కూడా కత్తెరను ఆపే రకం కాదు.