అత్త కోళ్లకు అమ్మ వేయించిన కంచె

కదిరిలో మా వీధి చివర కూరగాయలు పెట్టుకునే ఆమె దగ్గర మొన్న ఆకుకూరల కట్టల పక్కన వావిలాకు మండలు కనిపించాయి. ఎవరో బాలింత స్నానానికని చెప్పి తెప్పించుకున్నారట. ఒక రెమ్మ తుంచి నలిపి వాసన చూశాను. ఆ చేదు ఘాటు ముక్కుకు తగలగానే నాకు ఏ బాలింతా గుర్తుకు రాలేదు, కోళ్లు గుర్తుకొచ్చాయి. మా అత్త కోళ్లగూట్లో గుడ్ల కింద పరిచే ఆకు అది. ఆ ఆకు వేస్తే పేలు పట్టవని, పొదిగే పెట్ట కుదురుగా కూర్చుంటుందని ఆమె నమ్మకం. ఆమె చేతులు, చీర చెంగు, చివరికి ఆమె కలిపి పెట్టే సంగటి ముద్ద కూడా కొంచెం వావిలాకు వాసన వేసేవి.

మా ఊరు తనకల్లుకు అవతల, ఎర్రమన్ను, నల్లగుండ్ల మధ్య ఉంటుంది. తొలకరి ముంగారు వానలు పడితే శెనక్కాయ విత్తేవాళ్లు, పడకపోతే మొగాన చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసేవాళ్లు. ఆషాఢంలో గాలి మొదలైతే తలుపులు ఎంత బిగించినా అన్నంలో దుమ్ము పళ్లకు తగిలేది. కాయ పీకే రోజుల్లో ఊరంతా పచ్చివేళ్ల వాసన, పొయ్యి మీద ఎప్పుడు చూసినా ఉడుకుతున్న శెనక్కాయల కుండ, చలి ముదిరే కొద్దీ అనపగింజల పులుసు, ఎండలు ముదిరేసరికి బోరింగు దగ్గర బారులు తీరిన బిందెలు. అలాంటి ఊళ్లో మా అమ్మకు ఇంటి వెనక దొడ్లో ఒక తోట ఉండేది. తోటంటే పెద్దదేమీ కాదు. మేం స్నానాలు చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు ఎంతదూరం పారితే అంత. ఆ కాస్త మేరలోనే వంగ, టమోటా, పుదీనా, చిక్కుడు తీగ, ఒక వరస కనకాంబరాలు పెంచింది. మేం స్నానం చేస్తుంటే బయట నిలబడి, "కాలవ పక్కకు జరిగి పోసుకో పాపా, నీళ్లన్నీ యాడికో పోతాండాయి" అనేది. సాయంత్రం కనకాంబరాలు కోసి మాల కట్టేటప్పుడు మాత్రం ఆమె ముఖంలో ఒక రకమైన తీరుబడి కనిపించేది. రోజు మొత్తంలో అంతకుమించిన తీరుబడి ఆమెకు ఉండేది కాదు.

ఆ తోటలోకి అత్త కోళ్లు వచ్చాయి.

అత్త పేరు రామక్క, మా నాయనకు అక్క. కుందుర్పి పక్క ఊరికి ఇచ్చారు. పిల్లలు కలగలేదు, మామ జబ్బుచేసి పోయాడు, ఆ తర్వాత మరుదుల ఇళ్లలో ఆమెకంటూ ఒక మూల మిగల్లేదు. నేను రెండో తరగతో మూడో తరగతో చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం బస్సు దిగి, నెత్తిన బట్టల మూట, చేతిలో గోనెపట్టా కప్పిన గంపతో మా గడప ముందు నిలబడింది. పట్టా తీస్తే లోపల కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. తాను మంచినీళ్లు తాగకముందే వాటికి పళ్లెంలో నీళ్లు పెట్టించింది. నాయన పడసాలలో ఆమెకు మంచం వేయించాడు. అలా అత్త మాతో ఉండిపోయింది.

మనుషులతో పొదుపుగా మాట్లాడే అత్త, కోళ్లతో మాత్రం తెల్లవారింది మొదలు తెగ మాట్లాడేది. "ఏమే, ఈ పొద్దు యాడ పెట్టినావే గుడ్డు" అని నల్లపెట్టను నిలదీసేది, "నీకు సిగ్గుందా" అని ఎర్రపుంజును తిట్టేది. పేడ, చొప్ప నింపిన పాత కుండను పుట్ట పక్కన బోర్లించి, మర్నాటికి దాన్నిండా పట్టిన చెదలను కోడిపిల్లలకు దులిపి పోసేది. ఆ చిన్ని ముక్కులు టకటకమని కుండపెంకు మీద కొట్టే చప్పుడు వినడానికి నేను పొద్దున్నే లేచేదాన్ని. మేం ఆడపిల్లలం అరుగు మీద గచ్చకాయలాడుతుంటే ఎర్రపుంజు వచ్చి, అవేవో తినేవనుకుని పొడిచి, తర్వాత మావైపు మోసపోయినట్టు చూసేది.

కోడికి గీరడం పుట్టుబుద్ధి. ఊరంతా ఎండి బండబారిన నేలలో మెత్తగా, తడిగా ఉన్న మన్ను అమ్మ తోటలో తప్ప ఇంకెక్కడా లేదు. వంగనారు నాటిన సాయంత్రమే వేళ్లు పైకి తేలేవి. పుదీనా మళ్లో గుంటలు చేసుకుని మన్ను స్నానం చేసేవి. అత్త చీపురు పట్టుకుని పొద్దంతా కాపలా కాసేది, కునుకు పట్టిందంటే చాలు అవి లోపలే. ఒకరోజు అమ్మ బోరింగు నుంచి బిందెతో వచ్చేసరికి కనకాంబరాల వరస మొత్తం పడి ఉంది. అమ్మ బిందె దించి, పడిపోయిన చెట్లను ఒక్కొక్కటే ఏరి గోడ పక్కన పెట్టింది. ఆ రాత్రి అన్నం దగ్గర నాయన తల ఎత్తకుండా, "ఆ కోళ్లను సంతకు తోలేస్తే సరిపోతాది" అన్నాడు. పడసాలలో అత్త ఉంది. ఆమెకు వినబడింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అత్త కోళ్ల కాళ్లకు గుడ్డపేలికలు కట్టి గంపలోకి సర్దుతోంది. పక్కన బట్టల మూట ఉంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"యాడికి వదినా?"

"ఊరికి పోతాండాను. నీళ్లకు నువ్వెంత కష్టపడతాండావో నేను చూళ్లేదా. కోళ్లను పెట్టుకోని ఒకరింట్లో ఉండేది జరగదులేమ్మా."

"ఆడ ఎవురుండారు నీకు?"

అత్త నల్లపెట్ట కాళ్ల ముడి బిగించబోయింది. అమ్మ కింద కూర్చుని, ఆమె చేతిలోంచి ఆ పెట్టను తీసుకుని, పేలిక విప్పి వదిలేసింది. తర్వాత ఇంకొకటి. అవి కాళ్లు విదిలించుకుంటూ నేరుగా తోటలోకే పోయాయి. అమ్మ వాటిని అదిలించకుండా లేచి, ముఖం కడుక్కుంటున్న నాయన దగ్గరకు పోయి చెప్పింది.

"ఈ పొద్దు చేనికి పోవద్దు. తుమ్మకంప కొట్టుకోని రాండి. దొడ్లో సగం కోళ్లకు కంచె ఏయల్ల."

"కోళ్లు కంచెలో ఉంటాయా యాడన్నా?"

"ఉండేట్టు ఏయండి."

నాయన బండెడు కంప తెచ్చాడు. పంగల కర్రతో ఒత్తి, కొయ్యలకు కట్టి, తోటకు ఇవతల వేపచెట్టు నీడ పడే చోట చుట్టూ కంచె వేశాడు. ఆయన చేతులనిండా ముళ్లు, అత్త పొద్దుగూకేదాకా సూదితో తీసింది. వారం తిరక్కముందే కోళ్లు ఎగిరి దాటడం నేర్చుకున్నాయి. అప్పుడు అత్త ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని, ఒక వైపు రెక్క చాపి, పెద్ద ఈకలు మాత్రం కత్తెరతో కత్తిరించింది. ఈకలు కత్తిరిస్తే నొప్పి ఉండదని, గోళ్లు తీసినట్టేనని నాకు చెప్పింది. చెప్పిందే గానీ ఆమె కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఆ తర్వాత కోళ్లు ఎగరబోయి ఒక పక్కకు ఒరిగి కింద పడుతుంటే నేను నవ్వేదాన్ని. మెల్లగా వాటికీ అలవాటైంది. అమ్మ వంగకు పూత వచ్చింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఉగాది ముందు రోజు ఆ ఊపిరి ఆగినంత పనైంది. అమ్మ ఓళిగలు కాలుస్తోంది, బెల్లం, యాలకుల వాసన వీధిలోకి పోతోంది, నేను రుచి చూసే నెపంతో పూర్ణం ఉండలు మింగుతున్నాను. దొడ్లోంచి కోళ్ల అరుపు వినబడింది. అత్త కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తింది, వెనక అమ్మ, వెనక నేను. కంచె కింద మన్ను తోడుకుని ముంగిస లోపలికి దూరింది. మమ్మల్ని చూసి అది వచ్చిన సందులోంచే పోయింది. కోళ్లన్నీ ఒక మూలకు ఒత్తుకుని వణుకుతున్నాయి. నల్లపెట్ట మాత్రం నడిమధ్యలో రెక్కలు పరిచి కూర్చునే ఉంది. దాని మెడ వాలిపోయి ఉంది. అత్త దాన్ని ఎత్తితే కిందనుంచి పిల్లలు కిచకిచమంటూ బయటికొచ్చాయి, ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు.

అత్త ఆ పెట్టను ఒళ్లో పెట్టుకుని మట్టిలోనే కూర్చుంది. "రెక్కలుంటే చెట్టెక్కేది కదమ్మా. నేనే కత్తిరిస్తిని" అంది. అమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఇంట్లో పెనం మీద ఓళిగ మాడిన వాసన వస్తున్నా లేవలేదు. "నా చెట్ల కోసరం గదా వదినా" అని మాత్రం అంది. పండగ పూట ఇంట్లో కోడి ఉన్నా ఎవరూ దాన్ని వండే మాట ఎత్తలేదు. నాయన వచ్చి వేపచెట్టు మొదట్లో గుంట తీశాడు.

ఆ తల్లిలేని పిల్లలను అమ్మ పాత చేటలో బట్ట పరిచి పొయ్యి వెచ్చన తగిలే చోట పెట్టింది. పక్షం తిరిగేసరికి అవి అమ్మనే తల్లి అనుకున్నాయి. అమ్మ వంటింట్లోకి పోతే వంటింట్లోకి, పడసాలలోకి వస్తే పడసాలలోకి, చివరికి బోరింగు దాకా ఆమె కుచ్చిళ్ల వెనకే వరసగా నడిచేవి. బోరింగు దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ విసుక్కుంటూనే, బిందె ఎత్తుకునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి అన్నీ ఉన్నాయా అని చూసుకునేది. దాన్ని చూసి అత్త చాలా రోజుల తర్వాత నోరారా నవ్వింది.

నాయన మాటలతో ఏమీ చెప్పే మనిషి కాదు. పశువుల కొట్టంలో పరచడానికని తెచ్చి గోడకు ఆనించి పెట్టుకున్న రాతిబండలు ఉండేవి. పండగ వెళ్లాక వాటిని దొడ్లోకి దొర్లించుకుని పోయి, కంచె పొడుగునా మోకాలి లోతు కాలవ తవ్వి, బండకు బండ ఆనించి సగం నేలలో దిగేట్టు నాటాడు. పశువుల సంగతేమని అమ్మ అడిగితే "వచ్చే ఏడు చూస్తాంలే" అన్నాడు. పని అయ్యాక అత్తను పిలిచాడు.

"అక్కా, యాడన్నా సందుండాదేమో నువ్వే చూడు."

అత్త వంగి, బండలవెంట చెయ్యి పెట్టి తడుముకుంటూ చుట్టూ తిరిగింది. తిరిగొచ్చి, "ఏం లేదురా. బాగుండాది" అంది. కోళ్లను సంతకు తోలేయమన్న మాట గురించి అక్కాతమ్ముళ్ల మధ్య అంతకుమించిన సంభాషణ జరగలేదు.

ఆ తర్వాత అత్త ఈకలు కత్తిరించడం మానేసింది. అమ్మ కంచె పొడుగునా చిక్కుడు నాటి తీగను పైకి పాకించింది, కోళ్లగూడు మీద పందిరి అల్లుకుంది, కోళ్లు ఎగిరి దాటే దారి మూసుకుపోయింది, గద్దలకు పిల్లలు కనబడకుండా పోయాయి. కంచెలోపలి నేలను మధ్యలో తడికతో రెండు సగాలు చేసి, కాపు అయిపోయిన సగంలోకి కోళ్లను తోలి, కోళ్లు గీరి ఎరువు వేసిన సగంలో నారు నాటడం వాళ్లిద్దరూ కలిసి కనిపెట్టిన పద్ధతి. ఏడాదికొకసారి సగాలను తారుమారు చేసేవాళ్లు. ఆ ఎరువుకు వంకాయలు నిగనిగలాడేవి. పొద్దుగూకేముందు అమ్మ మాల కడుతుంటే అత్త పక్కన కూర్చుని పూలు అందించేది, పురుగు పట్టిన ఆకులు తడిక మీదుగా కోళ్లకు వేసేది. పక్కింటివాళ్లు వాళ్లను వదినామరదళ్లలా కాదు, అక్కచెల్లెళ్లలా ఉన్నారనేవాళ్లు. నేను కాలేజీలో చేరిన ఏడు అత్త మా ఇంట్లోనే, పడసాలలో తన మంచం మీదే పోయింది. ఉన్న నాలుగు కోళ్లను అమ్మ అడిగినవాళ్లకు ఇచ్చేసింది. మళ్లీ పెంచలేదు.

ఇప్పుడు ఆ దొడ్డి లేదు. నాయన పోయాక ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్లు వెనక్కంటా గదులు కట్టుకున్నారు. ఊళ్లో కోళ్లు వదిలేవాళ్లు దాదాపు లేరు, గుడ్లు కూడా అట్టల్లో బండి మీద వస్తాయి. మా పిల్లలకు కోడి అంటే అంగడి ముందు ఇనుప పంజరంలో ఉండే తెల్లది. పిల్లల మీద రెక్కలు పరిచి కూర్చునే కోడిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మొన్న మిద్దె మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే, ఇక్కడ మూలకు జాలీ కొట్టించి రెండు పెట్టలు పెంచుకుందామా, నీకు పొద్దుపోతుంది అన్నాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"కోళ్లంటే నాకు యాడ ఇష్టం పాపా. మీ అత్త పోకుండా ఉండల్లని ఏయిస్తిని ఆ కంచె."